బాల్యములోని గాయము – యౌవనములోని నేరము

(జవహర్‌నగర్‌లో తల్లిదండ్రుల, యౌవనస్థుల ఉమ్మడి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ సమయములో మన డయోసీసు కట్టిన దేవాలయములను గూర్చి, నడిపిన బడులను గూర్చి చెప్పగలిగిన పెద్దలు చాలామంది ఉన్నారు. నాకు అప్పగించిన విషయము వేరు. మనము ఇంటిలో తలుపులు మూసుకొని మెల్లగా మాట్లాడుకునే పిల్లలను గూర్చి నన్ను మాట్లాడమన్నారు. మత్తుకు అలవాటు పడినవారు, దొంగతనములోనో కొట్లాటలోనో పోలీసుల చేతికి చిక్కినవారు, ఒకప్పుడు సండే స్కూలులో మన ముందు కూర్చుండి ఇప్పుడు గుడి గోడ దాటి లోపలికి రానివారు. పండుగ పూట ఈ మాట ఎందుకని కొందరికి తోచవచ్చును. నూరేండ్ల లెక్క చూచుకునేటప్పుడు ఉన్నవారినే గాక, పోయినవారిని కూడ లెక్కింపవలెను గదా!

ఒక పిల్లవాడు సెల్‌ఫోను దొంగిలించి పట్టుబడితే మనకు మొదట తెలిసేది ఆ దొంగతనమే. కాని అతని జీవితములో అది మొదటి సంఘటన కాదు, చాలాసార్లు మూడవది. మొదట గాయము, దాని వెనుక మత్తు, దాని వెనుక నేరము. ఈ మూడవ మెట్టు మీద నిలుచున్న పిల్లవానిని చూచి మనము తీర్పు చెబుతాము. మొదటి మెట్టు మాత్రము తరచుగా ఇంటి లోపలనే ఉంటుంది. ఈ మూడు మెట్లలో ఏ మెట్టు మీదనైనా పిల్లవానిని ఆపవచ్చునని, ఆపుటకు కావలసినది మనవంటి సామాన్యుల వద్దనే ఉన్నదని చెప్పుటయే నా ఉద్దేశము.

మన ప్రాంతము సంగతి మీకు తెలియనిది కాదు. ఇటు నాచారము, మల్లాపురము పారిశ్రామికవాడలు. అటు ఉప్పల్ చౌరస్తా. వరంగల్లు రోడ్డు మీదుగా పని వెదుక్కుంటూ వచ్చే పల్లెజనము మొదట దిగేది అక్కడే. హబ్సిగూడ దారిలో సీసీఎంబీ, ఎన్జీఆర్ఐ వంటి గొప్ప పరిశోధనశాలలు ఉన్నవి. ఒకే గల్లీలో పెద్ద ఉద్యోగి సొంత ఇల్లు, దాని వెనుక షిఫ్టు పని చేసే కార్మికుని కిరాయి గది. 2017 నవంబరులో నాగోలు నుండి మెట్రో రైలు నడక మొదలైనది. ఊరు ఇంకను పెరిగినది. కాని తల్లిదండ్రులిద్దరు పనికి పోతే, బడి విడిచిన పిల్లవానికి చీకటి పడేవరకు మిగిలేవి రెండే: తాళము వేసిన గది, లేదా గల్లీ మొగదల. ఆ మొగదల పాన్ డబ్బా, దానికి కొంచెము దూరములో వైన్ షాపు, ఇంకొంచెము దూరములో కల్లు కాంపౌండు. ఆ మొగదల అతని కొరకు ఎదురుచూచే పెద్దమనిషి ఎవరు? తండ్రా, టీచరా, సంఘ పెద్దా, లేక చేతిలో పొట్లము పెట్టేవాడా? మన విషయమంతా ఈ ప్రశ్నలోనే ఉన్నది.

ఇక పరిశోధకులు ఏమన్నారో చూద్దాము. 1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అను ఇద్దరు వైద్యులు తమ సహచరులతో కలిసి ఒక పెద్ద అధ్యయనమును ప్రకటించారు. సాన్‌డియేగో నగరములో ఆరోగ్య పరీక్షలకు వచ్చిన 9,508 మంది పెద్దలను వారు ఏడు విషయములు అడిగారు. చిన్నతనములో మిమ్మును తిట్టి అవమానించారా? కొట్టారా? లైంగికముగా బాధించారా? ఇంటిలో తల్లిని కొట్టగా చూచారా? ఇంటిలో తాగుబోతులు గాని, మత్తుకు బానిసలు గాని ఉండిరా? మానసిక వ్యాధిగ్రస్తులు గాని, ఆత్మహత్యకు తలపడినవారు గాని ఉండిరా? జైలుకు పోయినవారు ఉండిరా? సగము కంటె ఎక్కువమంది వీటిలో ఒకటైనా ఉన్నదన్నారు. నాలుగు లేక అంతకు మించి ఉన్నవారిని, ఏమియు లేనివారితో పోల్చగా, తాగుడు, మత్తుమందులు, తీవ్రమైన దిగులు, ఆత్మహత్యా ప్రయత్నము – ఇవి నాలుగు రెట్ల నుండి పన్నెండు రెట్ల వరకు ఎక్కువగా కనబడినవి. ఆ జవాబులు చెప్పినవారు మురికివాడల జనము కారు. వారిలో ఎక్కువమంది చదువుకొని, ఉద్యోగములు చేసి, వైద్య బీమా కలిగిన మధ్యతరగతివారు. ఈ సంగతిని మనవంటి సంఘస్థులు ప్రత్యేకముగా గమనింపవలెను.

2014లో ఫ్లోరిడా రాష్ట్రములో ఇటువంటి ప్రశ్నలనే నేరములలో పట్టుబడిన బాలల విషయములో పరిశీలించారు. 64 వేల మందికి పైగా బాలల వివరములు చూడగా, ఏ గాయమూ లేనివారు నూటికి ముగ్గురు కూడ లేరు.

ఇది అమెరికా సంగతి, మన ఇండ్లలో ఇట్లుండదని అనుకొనుటకు వీలులేదు. 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను ప్రశ్నించి ఒక నివేదిక ప్రకటించినది. అప్పటి మన ఆంధ్రప్రదేశ్ కూడ ఆ 13లో ఒకటి. ప్రతి ముగ్గురు పిల్లలలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. ఇంటిలో దెబ్బలు తిన్నవారిలో నూటికి 88 మందికి పైగా కొట్టినది తల్లిదండ్రులే. సగము మందికి పైగా, అనగా నూటికి 53 మంది, ఏదో ఒక రూపములో లైంగిక వేధింపునకు గురియైనామన్నారు. ఇందులో మగపిల్లలు కూడ ఎక్కువగానే ఉన్నారు. ఈ విషయములో ఎక్కువ శాతము కనబడిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధించినవారిలో సగము మంది ఆ పిల్లలకు తెలిసినవారు, పిల్లలు నమ్మినవారు. పిల్లలలో చాలామంది ఆ సంగతిని ఎవరితోను చెప్పుకొనలేదు. అమ్మలారా, అయ్యలారా, పిల్లవాడు చెప్పలేదంటే ఏమీ జరుగలేదని అర్థము కాదు. చెప్పుకొనుటకు అతనికి మనిషి దొరకలేదని అర్థము.

గాయపడిన పిల్లవాడు మత్తు వైపు ఎందుకు పోతాడు? ఇంటి ముందు కాపలా కుక్కను చూడండి. కొత్తవాడు వస్తే మొరుగుతుంది, పోయిన తరువాత పడుకుంటుంది. అదే కుక్కను రోజూ రాత్రి ఎవరో ఒకరు రాళ్లతో కొడుతుంటే, కొన్నాళ్లకు ఆకు కదిలినా లేచి మొరుగుతుంది. అన్నము పెట్టే చేతిని కూడ కరుస్తుంది. పిల్లవాని శరీరము కూడ అంతే. భయము కలిగినప్పుడు శరీరములో అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములు ఊరుతవి. గుండె వేగముగా కొట్టుకుంటుంది, కండరములు బిగుస్తవి. అపాయము తప్పించుకొనుటకు దేవుడు పెట్టిన ఏర్పాటు అది. అయితే తండ్రి తాగివచ్చే అడుగుల చప్పుడు కొరకు ప్రతి రాత్రి చెవి రిక్కించి పడుకునే పిల్లవానికి ఆ రసములు ఊరుట ఆగదు. నిద్ర పట్టదు, బడిలో పాఠము తలకెక్కదు, చిన్న మాటకే చేయి లేస్తుంది. మంచిచెడ్డలు తూచి, తొందరను ఆపే మెదడు ముందుభాగము పూర్తిగా ముదురుటకు ఇరువది ఏండ్లు దాటవలసి ఉన్నది. అంతలో ఎవడో స్నేహితుడు ఒక గుడ్డముక్క మీద వైట్నరో, పంక్చరు సొల్యూషనో పోసి ఇస్తాడు. పీల్చగానే ఆ మొరుగుడు ఆగుతుంది. కొన్ని నిమిషములు లోకము నిశ్శబ్దముగా ఉంటుంది. మనము వ్యసనమని పిలిచేది ఆ పిల్లవానికి మొదటి రోజున మందువలె పనిచేసినది. అందుచేతనే ఒట్టు పెట్టించినంత మాత్రాన మానలేడు.

ఆడపిల్లల విషయములో ఈ గాయము మరియొక దారి పట్టవచ్చును. వారు గల్లీలో కనబడరు, పోలీసు లెక్కలలోను తక్కువ. తిండి మానుట, ఎవరితోను పలుకకుండుట, చేతులు కోసుకొనుట, ప్రాణము తీసుకొనబోవుట – ఇవి వారి కేకలు. నెమ్మదస్తురాలని మనము మెచ్చుకునే అమ్మాయి నిజముగా నెమ్మదిగా ఉన్నదో, భయముతో ముడుచుకొని ఉన్నదో తల్లులు, టీచరమ్మలు కనిపెట్టవలెను.

2013లో జాతీయ బాలల హక్కుల కమిషను కొరకు దేశమంతట మత్తుకు అలవాటుపడిన 4,024 మంది పిల్లలను పరిశీలించారు. వారిలో పొగాకు, ముక్కుతో పీల్చే పదార్థములు మొదలైనది సగటున పన్నెండేండ్లు దాటగానే. గంజాయి, సారా మొదలైనది పదమూడేండ్లు దాటిన తరువాత. అనగా ఏడవ, ఎనిమిదవ తరగతి వయస్సు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ ప్రకటించిన సర్వేలో ఇంకొక సంగతి బయటపడినది. మిగిలిన మత్తుపదార్థములన్నింటిలో పెద్దలదే పైచేయి. పీల్చే పదార్థములలో మాత్రము పిల్లలు పెద్దలను మించిపోయారు. పెద్దలలో నూటికి 0.58 అయితే, పదియేండ్ల నుండి పదునేడేండ్ల పిల్లలలో 1.17. ఇందువలన సహాయము అవసరమైన పిల్లలు దేశములో నాలుగు లక్షల అరువది వేలమంది. ఈ వస్తువులు దొంగచాటున తెచ్చుకునేవి కావు. స్టేషనరీ కొట్టులోను, సైకిలు షాపులోను దొరికేవే.

మన రాష్ట్రములో ఇంకొక చిక్కు ఉన్నది. కొన్ని కల్లు దుకాణములలో కల్లు పేరుతో అమ్మేదానిలో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మందులు కలుపుతారు. 2015లో ఈ కల్తీని అరికట్టినప్పుడు, ఆ కల్లుకు అలవాటుపడిన జనము ఒక్కసారిగా మానవలసివచ్చి, వణుకుతో, మతిభ్రమతో ఎర్రగడ్డ ఆసుపత్రికి తరలివచ్చారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతములో కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణములు పోగొట్టుకున్నారు. తండ్రి తాగేది కల్లే గదా అని ఊరుకునే ఇంటిలో పిల్లవాడు చూచేది ఏమిటో ఆలోచించండి. ఇక 2017లో ఎక్సైజు శాఖ హైదరాబాదులో పట్టుకున్న మత్తుమందుల ముఠా వ్యవహారములో పేరుగల బడుల పిల్లల సంగతి కూడ బయటకు వచ్చి నగరమంతా ఉలిక్కిపడినది. కాబట్టి ఇది బస్తీల జబ్బు, మన పిల్లలకు అంటదు అని ఎవరును చెప్పలేరు.

మత్తు నుండి నేరమునకు మూడు దారులున్నవి. మొదటిది డబ్బు. రోజూ కావలసినదానికి రోజూ రూపాయి కావలెను. మొదట ఇంటిలో అమ్మ డబ్బా, తరువాత పొరుగువాని ఫోను, తరువాత ఆగి ఉన్న బండి. రెండవది తెలివి తప్పుట. మత్తులో ఉన్నవానికి మాటకు, కత్తికి మధ్య దూరము తెలియదు. మూడవది అన్నింటికంటె ఘోరమైనది: పెద్దవారు పిల్లలను వాడుకొనుట. పిల్లవాడు పట్టుబడితే తక్కువ శిక్షతో పోతుందని లెక్కవేసి, వాని చేతికి పొట్లములు ఇచ్చి పంపే పెద్దలున్నారు. 2015 నాటి బాలల న్యాయ చట్టము ఈ పెద్దలనే పట్టుకుంటుంది. పిల్లవానికి మద్యము గాని, పొగాకు గాని, మత్తుమందు గాని ఇచ్చినవానికి, పిల్లవానిచేత అమ్మించినవానికి ఏడేండ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. మన కాలనీ పాన్ డబ్బాలో పదమూడేండ్ల వానికి సిగరెట్టు అమ్మితే అదియు ఈ చట్టము క్రిందికే వస్తుందని మనలో ఎందరికి తెలుసును?

కేసులలో పట్టుబడే బాలలు దిక్కులేని అనాథలని ఒక అపోహ ఉన్నది. జాతీయ నేర గణాంకముల సంస్థ లెక్కలు చూస్తే, పట్టుబడిన బాలలలో అత్యధికులు తల్లిదండ్రులతో కలిసి ఉంటున్నవారే. ఇల్లు ఉన్నది. ఆ ఇంటిలో ఏమి జరుగుతున్నదన్నదే ప్రశ్న.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. గాయపడిన పిల్లలందరు నేరస్థులవుతారని నేను అనుట లేదు. అట్లనుట వారిని మరల గాయపరచుటే. 1989లో కాథీ విడమ్ అను పరిశోధకురాలు, చిన్నతనములో హింసకు, నిర్లక్ష్యమునకు గురియైనట్లు కోర్టు రికార్డులలో ఉన్న 908 మందిని, అటువంటి చరిత్ర లేని 667 మందితో పోల్చి చూచినది. బాల్యదశలోనే అరెస్టు అయినవారు మొదటి వర్గములో నూటికి 26, రెండవ వర్గములో నూటికి 17. తేడా పెద్దదే. కాని ఆ లెక్కనే మరియొక వైపు నుండి చదవండి: గాయపడిన నూరుగురిలో 74 మంది ఆ దారి పట్టలేదు. వారిని ఎవరు ఆపారు?

ఈ ప్రశ్నకు హవాయి దీవులలో ఒక జవాబు దొరికినది. కౌవాయి అను దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అను శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు పెద్దవారయ్యేవరకు దశాబ్దముల తరబడి గమనించారు. పేదరికము, తాగుడు, తగవులు, మానసిక వ్యాధి గల ఇండ్లలో పుట్టినవారిలో కూడ సుమారు మూడవ వంతుమంది చక్కగా ఎదిగి, పనిచేసుకొని, కుటుంబములను పోషించుకున్నారు. వారి జీవితములలో తరచుగా కనబడినది ఒక పెద్ద మనిషి తోడు: ఒక అమ్మమ్మ, ఒక మేనత్త, ఒక టీచరు, ఒక సంఘ పెద్ద. ఆ పిల్లవానిని పేరు పెట్టి పిలిచి, రానినాడు ఎందుకు రాలేదని అడిగి, తప్పు చేసినా చేయి విడువని ఒక్క మనిషి. ఇందుకు డిగ్రీలు అక్కరలేదు, భవనములు అక్కరలేదు. మన సంఘములో ప్రతి బెంచీ మీద అటువంటివారు కూర్చుండి ఉన్నారు.

మన తెలుగునాట ఈ గొలుసును తెంచిన దాఖలాలు లేకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా ఉద్యమములో రాత్రిపూట చదువు నేర్చుకుంటున్న కూలి స్త్రీలు సారా దుకాణమును ఊరిలో ఉండనీయమని లేచారు. ఆ నిప్పు రాష్ట్రమంతా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారాను నిషేధించవలసి వచ్చినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో దానిని ఎత్తివేశారు. చట్టము పోయినదని ఆ పోరాటము వృథా అనకండి. తాగుడు మగవాని సొంత వ్యవహారము కాదు, అది ఇంటిలో పిల్లల అన్నము, పిల్లల నిద్ర అని చదువురాని తల్లులు రాష్ట్రమునకు నేర్పారు. రెండవ దాఖలా ఇంకను దగ్గరిది. మన ఉప్పల్ ఒకప్పుడు రంగారెడ్డి జిల్లాలోనిదే గదా! ఆ జిల్లా పల్లెలలో 1991 నుండి ఎం.వీ. ఫౌండేషనువారు, శాంతా సిన్హాగారి నాయకత్వములో, పనిలో ఉన్న పిల్లలను బడిలోనికి తెచ్చే ఉద్యమము నడిపారు. బడి మానిన పిల్లలను శిబిరములలో ఉంచి, చదువు అందించి, వయస్సుకు తగిన తరగతిలో చేర్పించారు. శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చినది. ఈ పిల్లలింతే, వీరు మారరు అని లోకము తేల్చివేసిన పిల్లల విషయములోనే ఇది జరిగినది.

ఇప్పుడు మనము చేయవలసిన పనులకు వస్తాను.

మొదటిది, మన చేతిలోని బెత్తము. దానిని గూర్చి సామెతల గ్రంథములో ఉన్న మాటను మనవారు వెంటనే ఎత్తి చూపుతారు. నల్గొండ వైపు మందలు తోలే గొల్ల కురుమలను చూడండి. దారి తప్పిన గొఱ్ఱెను కఱ్ఱతో అదలించి మళ్లిస్తారు. కఱ్ఱతో దాని కాలు విరుగగొట్టే కాపరిని నేను చూడలేదు. బడిలో పిల్లలను కొట్టుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. ఇంటిలో నిషేధించవలసినది మనమే. క్రమశిక్షణ కావలెను. వేళకు అన్నము, వేళకు నిద్ర, చెప్పిన మాట నిలబెట్టుకునే తండ్రి – ఇదియే క్రమశిక్షణ.

రెండవది, పరువు కొరకు మౌనము. పిల్లలపై లైంగిక అత్యాచారము జరిగినదని తెలిస్తే పోలీసులకు తెలియజేయవలెనని 2012 నాటి పోక్సో చట్టము ప్రతి ఒక్కరిని ఆదేశిస్తున్నది. తెలిసి చెప్పకపోవుట నేరము. ఒక సంస్థలో పనిచేసేవాడు చేసిన నేరమును ఆ సంస్థ అధికారి దాచితే, ఆయనకు ఒక సంవత్సరము వరకు జైలుశిక్ష పడవచ్చును. బడికి, హాస్టలుకు, గుడికి ఇందులో మినహాయింపు లేదు. సంఘ కమిటీలో కూర్చుండి రాజీ కుదుర్చుటకు మనకు అధికారము లేదు. పిల్లల కొరకు 1098 నంబరు రాత్రింబగళ్లు పనిచేస్తుంది. హైదరాబాదులో 2016 నుండి పోలీసుల భరోసా కేంద్రము ఇటువంటి పిల్లలకు, స్త్రీలకు వైద్యము, న్యాయసహాయము, ధైర్యము ఒక్కచోటనే అందిస్తున్నది. ఈ నంబరును మన సండే స్కూలు గదిలో పిల్లల కంటికి అందే ఎత్తులో వ్రాసి పెట్టుదాము.

మూడవది, చికిత్స. మత్తుకు అలవాటుపడిన కుమారుని గదిలో కట్టివేయుట, పెండ్లి చేస్తే బాగుపడతాడనుట, చికిత్సలు కావు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. మత్తు విడిపించుటకు జాతీయ నంబరు 14446. మనస్సు కలతకు 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చును. పోలీసు కేసు అవుతుందని భయపడి తల్లిదండ్రులు దాచిపెడతారు. 1985 నాటి మత్తుమందుల చట్టములోనే, కొద్దిపాటి మోతాదు కేసులో ఉన్న వ్యసనపరుడు తానుగా చికిత్సకు ముందుకు వచ్చి దానిని పూర్తి చేస్తే, ప్రాసిక్యూషను నుండి రక్షణ పొందే వీలున్నది. ప్రార్థన చేయండి, మానవద్దు. ప్రార్థించి లేచి డాక్టరు వద్దకు తీసుకొని వెళ్లండి.

నాలుగవది, తిరిగివచ్చిన పిల్లవాడు. నేరము మోపబడిన బాలుని లాకప్పులో గాని, జైలులో గాని ఉంచరాదు. అతని కేసును ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కలిసిన బాలల న్యాయ మండలి విచారిస్తుంది. విచారణ కాలములో కొందరిని సైదాబాదులోని పరిశీలనా గృహములో ఉంచుతారు. అతని పేరు, ఫోటో పత్రికలలో వేయరాదని, మామూలుగా ఆ కేసు అతని భవిష్యత్తుకు అడ్డు కారాదని చట్టము చెబుతున్నది. చట్టము మరచిపొమ్మన్నదానిని గల్లీ మరువదు, సంఘమును మరువదు. అతడు గుడికి వస్తే తల్లులు తమ బ్యాగులు దగ్గరకు తీసుకుంటారు. క్వైరులో అతని ప్రక్కన మా అబ్బాయి నిలువడని తండ్రి కబురు పంపుతాడు. ఆ పిల్లవాడు మూడు ఆదివారములు వచ్చి, నాలుగవ ఆదివారము తనను చూచి నవ్వే చోటికి పోతాడు. ఆ చోటు మరల ఆ మొగదలయే. కాబట్టి ఒక మాట అడుగుతున్నాను: అటువంటి పిల్లవానికి ముందుగా సంఘ కమిటీ ఒక మనిషిని అప్పగించవలెను. ఉపదేశము చేయుటకు కాదు. వారమునకు రెండుసార్లు కలిసి టీ తాగుటకు, బడికో ఐటీఐకో తోడుగా పోవుటకు, వాయిదా రోజున తల్లి ప్రక్కన నిలుచుటకు.

అయిదవది, మన హాలు. ఆదివారము నిండి, వారమంతా తాళము వేసి ఉండే హాలు మనకున్నది. సాయంత్రము నాలుగు నుండి ఎనిమిది వరకు దానిని తెరిచి, ఒక క్యారమ్స్ బోర్డు, నాలుగు బెంచీలు, చదువు చెప్పే ఇద్దరు రిటైర్డు టీచర్లను పెడితే, షిఫ్టు నుండి తల్లి వచ్చేవరకు పిల్లవానికి మూడవ చోటు దొరుకుతుంది. ఏ మతము పిల్లవాడని అడుగవద్దు. ఒకరే పెద్దమనిషి ఒంటరిగా పిల్లలతో ఉండకుండ, ఎప్పుడును ఇద్దరు ఉండేటట్లు నియమము పెట్టుకుందాము.

చివరగా ఒక ప్రశ్న మీ మనస్సులో ఉండవచ్చును. ఇట్లు చెప్పుచు పోతే నేరము చేసినవానిని వెనుకేసుకొనివచ్చినట్లు కాదా? గొలుసు తెంపబడిన తల్లి సంగతి, కత్తిపోటు తిన్న పిల్లవాని సంగతి ఏమిటి? న్యాయమైన ప్రశ్న. నష్టపోయినవారి ఇంటికి మొదట పోవలసినది మనమే. చేసినదానికి పిల్లవాడు జవాబు చెప్పవలెను, తీసుకున్నది తిరిగి ఇయ్యవలెను, క్షమాపణ అడుగవలెను. కారణము తెలుసుకొనుట వేరు, తప్పును ఒప్పనుట వేరు. డాక్టరు జ్వరమునకు కారణము వెదుకుట జ్వరమును మెచ్చుకొనుట కాదు గదా! కారణము తెలియక వేసిన శిక్ష ఆ పిల్లవానిని కొన్నాళ్లు దూరము పెడుతుంది. తరువాతి తల్లి గొలుసును మాత్రము కాపాడదు.

అమ్మలారా, అయ్యలారా! ఈ రాత్రి ఇంటికి పోయిన తరువాత మీ పిల్లలతో ఒక గంట కూర్చుండండి. ఫోను ప్రక్కన పెట్టండి. మార్కులు అడుగవద్దు. ఇంటిలో నీకు భయము కలిగించేది ఏమైనా ఉన్నదా అని అడగండి. జవాబులో మీ పేరు వస్తే కోపగించుకొనకండి, వినండి. యౌవనులారా, మీలో ఎవరి మనస్సులోనైనా మోయలేని బరువు ఉంటే, ఈ కూటము ముగిసిన తరువాత గురువుగారితో గాని, స్త్రీల సమాజపు అక్కయ్యలతో గాని, నాతో గాని చెప్పండి. మీ మాటను నమ్ముతాము. ఒక్కరినే పంపివేయము, వెంట వస్తాము.

సంఘ కమిటీ వచ్చే కూటములో హాలు తాళపుచెవి సంగతి, తిరిగివచ్చిన పిల్లలకు తోడు నిలిచే పెద్దల సంగతి తీర్మానమునకు పెట్టవలెనని కోరుచున్నాను.